అక్క అడిగిన జెల్లు

మా అక్కకు కాలేయంలో వైరస్ ఉందని బయటపడిన ఏడాదే నేను హైదరాబాద్‌లో పరిశోధన విద్యార్థినిగా చేరాను. ఒకదానికొకటి సంబంధం లేకుండానే జరిగిన సంగతులవి. అక్క మాత్రం అట్లా అనుకోలేదు. తన జబ్బు నయం చెయ్యడానికే చెల్లె ఆ చదువుకు పోయిందని కోరుట్లలో తెలిసినవాళ్ళందరికీ చెప్పుకుంది. కాదే అక్కా, సీటు ముందే వచ్చిందే అంటే నవ్వి, "ఆ, నువ్వు గట్లనే అంటవ్" అనేది.

మాది సిరిసిల్ల. మా ఊళ్ళో మరమగ్గాలను సాంచెలంటారు. బాపు వేరేవాళ్ళ సాంచెల మీద పని చేసేవాడు. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. తల దువ్వడం, బడికి తోలడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం అంతా అక్కే. దానికి పెళ్ళయి కోరుట్లకు పోయిన రోజున నేను అన్నం తినలేదని బాపు చాలా ఏళ్ళు చెప్పుకునేవాడు. బావ ఆర్టీసీ డ్రైవరు. మాట తక్కువ మనిషి. అక్క ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. ఇద్దరు పిల్లలు.

రెండో కాన్పు తర్వాత అక్క మునుపటిలా లేదు. ఎప్పుడు చూసినా నీరసం. తునికాకు కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఒళ్ళో ఉన్న చాట మీదికే తల వాల్చేది. రక్తం తక్కువని మాత్రలు మింగింది, పసిరికలు, అంటే కామెర్లు, అని నాటుమందు తాగింది. చివరికి జగిత్యాలలో ఒక డాక్టరు రక్తపరీక్షలు చేయించి, హెపటైటిస్ సి అని చెప్పాడు. ఎట్లా వచ్చిందని బావ అడిగాడు. కాన్పులో రక్తం ఎక్కించారు, ఆ తర్వాత ఊరిలో ఎన్నో సూదులు వేయించుకుంది. "ఎక్కడ అంటుకుందో వెతికితే ఇప్పుడు దొరకదు. చేయాల్సింది చూద్దాం" అన్నాడు డాక్టరు. ఆయన నెమ్మదిగా మాట్లాడే మనిషి. అక్కకు ఆయన మీద మొదటి రోజే గురి కుదిరింది.

అప్పట్లో ఆ జబ్బుకు ఉన్న మందు ఇంటర్‌ఫెరాన్. వైరస్ మీద పోరాడటానికి మన ఒళ్ళే తయారు చేసుకునే మాంసకృత్తు అది. దాన్నే బయట తయారుచేసి సూదిమందుగా ఇస్తారు. వారానికొక సూది, రోజూ మాత్రలు, ఆరు నెలలు. అంత ఖరీదైన మందు కోసం బావ ఎక్కడెక్కడ తిరిగాడో, ఏమేం చేశాడో నేనిక్కడ రాయను. రెండు వేల పదకొండు ఎండాకాలంలో మొదలుపెట్టారు.

సూది వేయించుకున్న రోజు సాయంత్రానికి చలిజ్వరం వచ్చేది. మర్నాడంతా ఒళ్ళు నొప్పులు. నాలుగో రోజుకు లేచి బీడీల ముందు కూర్చునేది. మళ్ళీ సూది రోజు వచ్చేది. జుట్టు రాలిపోయింది. చిన్న మాటకే ఏడ్చేది, పిల్లల్ని కసిరేది, కసిరినందుకు మళ్ళీ ఏడ్చేది. ఆ మందు మనసును కూడా కుంగదీస్తుందని డాక్టరు ముందే చెప్పాడు కాబట్టి బావ ఏమీ అనేవాడు కాదు.

ఆ మందును చల్లగా ఉంచాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఇంట్లో దాన్ని దాచుకోవద్దని డాక్టరు చెప్పాడు. అందుకని జగిత్యాలలో ఒక మందుల షాపతను ఎప్పటికప్పుడు హైదరాబాద్ నుంచి తెప్పించేవాడు. ఐసు పెట్టిన డబ్బా ఆర్టీసీ బస్సులో పార్సిల్‌గా వచ్చేది. బావకు హైదరాబాద్ డ్యూటీ పడిన రోజుల్లో తన బస్సులో తానే తెచ్చేవాడు. డ్రైవరు సీటు పక్కన కాళ్ళ దగ్గర పెట్టుకుని, సిద్దిపేటలో బండి ఆపినప్పుడు ఒకసారి డబ్బా తాకి చూసుకునేవాడట.

నేను పనిచేసే ప్రయోగశాలలో అందరం ఒకే చిక్కు చుట్టూ తిరిగేవాళ్ళం. పెప్టైడ్లని, మాంసకృత్తుల చిన్న ముక్కలుంటాయి. కొన్ని పెప్టైడ్లు వైరస్‌ను కణంలోకి దూరనివ్వకుండా ఆపగలవు. అయితే ఒంట్లోకి ఎక్కించిన కాసేపటికే అవి కరిగి మాయమైపోతాయి. మాటిమాటికీ సూది పొడవాలి. దానికి బదులు మందును ఒక మెత్తటి జెల్లులో కలిపి చర్మం కిందికి ఎక్కిస్తే, జెల్లు అక్కడే నిలిచి, రోజుకింత చొప్పున మందును వదులుతూ ఉండాలి. ఇదీ మా సారు ఆలోచన. సారుది గుంటూరు వైపు. నాకిచ్చిన పని ఆ జెల్లు తయారు చేయడం.

ఆ ఎండాకాలం సెలవుల్లో కోరుట్ల పోయినప్పుడు అక్క తన చాట పక్కకు పెట్టి మరీ అడిగింది. "ఏం జేస్తవే నువ్వు గాడ? నాకు సమజయ్యేటట్టు చెప్పు."

"ఒక జెల్లు చేస్తున్న అక్కా. చల్లగున్నప్పుడు నీళ్ళలెక్క ఉంటది. సూదిలకు ఎక్కుతది. ఒంట్లకు పోయినంక, ఒంటి వేడికి గడ్డకడ్తది."

"గదేందే! వేడికి గడ్డకట్టుడేంది? నెయ్యికి ఉల్టానా?"

"గట్లనే అనుకో. గా గడ్డల మందుంటది. నెల రోజులు కొంచెం కొంచెం బయటికి అత్తది."

"నెలకొక్కసారి పొడిపిచ్చుకుంటే అయిపాయె అన్నట్టు. నెలకొక్కసారే జరం." అక్క కళ్ళు మెరిశాయి. "దేంతోని చేస్తరే దాన్ని?"

"రొయ్యల పెంకుల నుంచి తీసే పొడి ఉంటది. దాంతోని."

"అయ్యో! శనివారం నాడు పొడిపిచ్చుకోరాదు మరి" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ మందు మొదలైన తర్వాత అక్క అట్లా నవ్వడం నేను చూసింది అప్పుడే.

మా జెల్లు తన కోసం కాదని, ఇంటర్‌ఫెరాన్ వేరు, మా పెప్టైడ్ వేరు అని, ప్రయోగశాల నుంచి మనిషి దాకా రావడానికి పదేళ్ళు కూడా పట్టవచ్చని చెప్పాను. ఒకసారి కాదు, ఎన్నోసార్లు చెప్పాను. అక్క తల ఊపేది. మళ్ళీ ఫోన్ చేసినప్పుడు మొదటి మాట అదే: "నీ జెల్లు ఏడిదాక అచ్చింది?"

జెల్లు మొండికేసింది. గాజుసీసాలో పోసి ఒంటి వేడికి వెచ్చబెట్టి తలకిందులు చేస్తే జారకుండా నిలిచేది. అక్కడిదాకా బాగానే ఉండేది. దాన్ని ఉప్పునీళ్ళలో ఉంచి రోజూ ఆ నీళ్ళను పరీక్షిస్తే, మందులో ఎక్కువ భాగం మొదటి రోజే బయటికి వచ్చేసేది. ఆ తర్వాత ఖాళీ జెల్లే మిగిలేది. పాళ్ళు మార్చాను. ఉప్పు మార్చాను. ఒక్కోసారి సూదిలోనే గడ్డకట్టి పిస్టన్ కదిలేది కాదు. సారు తిట్టేవాడు కాదు. "మళ్ళీ చేద్దాం అమ్మా" అనేవాడు.

అక్క సూదులు సగం అయ్యాక పరీక్ష చేస్తే రక్తంలో వైరస్ కనబడలేదు. మధ్యలో ఆపకుండా పూర్తి చేస్తే చాలని డాక్టరు చెప్పాడు. బావ నాకు ఫోన్ చేసి ఆ ముక్క రెండుసార్లు చెప్పాడు. బావ ఒకే మాట రెండుసార్లు చెప్పడం అదే మొదలు.

ఆ తర్వాత ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది.

దాని గురించి నాకు ఇప్పటికీ రెండు మాటలు లేవు. మా క్యాంపస్ అప్పటికే చాలా కాలంగా మండుతోంది. బాష్పవాయువుకు కళ్ళు మండుతూనే ప్రయోగశాలకు పోయిన రోజులున్నాయి. నేను కూడా ఊరేగింపుల్లో నడిచాను. కోరుట్లలో అక్క, జ్వరం లేని రోజు చూసుకుని, బీడీలు చుట్టే ఆడవాళ్ళతో కలిసి రోడ్డు మీద పొయ్యి పెట్టి వంటావార్పులో అన్నం వండింది. రాలిన జుట్టు కనబడకుండా తలకు కొంగు చుట్టుకుని పోయిందట. బస్సులు ఆగాయి. బావ డిపో ముందు టెంటులో కూర్చున్నాడు. బొగ్గుగనులు ఆగాయి, కరెంటు ఇంకా తగ్గింది. సిరిసిల్లలో సాంచెల చప్పుడు పోయింది.

బస్సులు ఆగడంతో మందు పార్సిల్ కూడా ఆగింది.

షాపతని దగ్గరున్న సూదులతో మొదట్లో గడిచింది. ఆ తర్వాత ఒక వారం బావ అక్కను మోటర్‌సైకిల్ మీద ఎక్కించుకుని జగిత్యాల పోతే, షాపతను మందు లేదని చేతులు తిప్పాడు. ఆ సాయంత్రం బావ నాకు ఫోన్ చేశాడు. "నువ్వు తేగల్గుతవా, పిల్లా?" అన్నాడు.

సంగతి సారుకు చెప్పాను. ఆయన ప్రయోగశాలలో ఉన్న మంచి ఐసు పెట్టె తీసి ఇచ్చాడు. మందులమ్మే ఏజెన్సీకి తనే ఫోన్ చేసి, వాళ్ళ దగ్గరున్న రెండు సూదులు నాకు ఇప్పించాడు. "జాగ్రత్తగా వెళ్ళు. దారిలో ఎవరైనా ఆపితే మందని చెప్పు, వదిలేస్తారు" అన్నాడు. అప్పట్లో ఆంధ్ర వైపు నుంచి వచ్చిన మా సారు లాంటివాళ్ళు క్యాంపస్‌లో నోరు విప్పి మాట్లాడటానికే వెనకాడేవారు.

మనుషుల్ని ఎక్కించుకునే జీపొకటి దొరికింది. దారిలో ఆయన చెప్పినట్టే వదిలేశారు. రోడ్డుకు అడ్డంగా దుంగలు వేసిన చోటల్లా జీపు దిగి, పెట్టె మూత తెరిచి చూపించాను. "అక్కకు మందా? పోనీయుండ్రి, పోనీయుండ్రి" అంటూ వాళ్ళే దుంగలు పక్కకు లాగారు. ఒకచోట రోడ్డు మీద వండిన అన్నం తినకుండా పోనివ్వలేదు. చెడ్డవాళ్ళు ఎవరూ ఎదురు కాలేదు. అయినా, ఎక్కడికక్కడ ఆగీ ఆగీ పొద్దున బయలుదేరిన నేను సిరిసిల్ల చేరేసరికి పొద్దు గుంకింది. పెట్టెలో ఐసు నీళ్ళయింది. బాపు ఐసు కోసం సైకిల్ మీద ఊరంతా తిరిగి వట్టి చేతులతో వచ్చాడు. కరెంటు లేక ఐసు ఫ్యాక్టరీ మూసేశారు. సూదులను తడిబట్టలో చుట్టి నీళ్ళ కుండ, రంజను, పక్కన పెట్టాం. చేయగలిగింది అంతే.

మర్నాడు పొద్దున్నే బావ వేములవాడ మీదుగా బండి మీద వచ్చి నన్నెక్కించుకున్నాడు. కోరుట్లలో అక్కను తీసుకుని, ముగ్గురం జగిత్యాల పోయాం. డాక్టరు ఒక సూది తీసి వెలుతురుకు పెట్టి చూశాడు. స్వచ్ఛమైన నీళ్ళలా ఉంది. చెడిపోయినా అట్లాగే ఉంటుందని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

"ఎన్ని గంటలు వెచ్చగా ఉంది?" అని నన్ను అడిగాడు. చెప్పాను.

"పని చేస్తదా, సార్?" అని అడిగింది అక్క.

"చేస్తే చేయొచ్చు, చేయకపోవచ్చు. చెడితే విషం కాదు. బలం ఉండదు, అంతే."

"గయితే ఎయ్యుండ్రి సార్. మా చెల్లె గింత దూరం మోసుకచ్చింది."

వేశాడు. ఆ సాయంత్రం అక్కకు జ్వరం వస్తుందా అని అందరం దాని చుట్టూ కూర్చున్నాం. జ్వరమొస్తే మందు బతికి ఉన్నట్టని బావ లెక్క. కొంచెం ఒళ్ళు వెచ్చబడింది. అది జ్వరమో, ప్రయాణపు బడలికో తేల్చుకోలేకపోయాం. అక్క మాత్రం, "ఆ, అచ్చింది, అచ్చింది. సలి కూడ పెడ్తుంది" అంది. మా కోసమే అందని నాకిప్పుడు అనిపిస్తుంది.

అప్పుడే బావ ఆ మాట ఎత్తాడు. "పోలీసోళ్ళ బందోబస్తుతోని రెండు మూడు బండ్లు తీస్తరట. డ్రైవర్లు కావాల్నని అడుగుతున్నరు. నేను పోత."

"ఏడికి?" అంది అక్క.

"హైదరాబాద్‌కు. నీ మందు తెస్త."

అక్క మంచం మీద లేచి కూర్చుంది. "నీతోని టెంటుల కూసున్నోళ్ళ ఇండ్లల్ల బీమారున్నోళ్ళు లేరా? నేనొక్కదాన్నేనా?"

"నాకు నువ్వొక్కదానివే."

బావ నోటి వెంట అట్లాంటి మాట ఎన్నడూ వినలేదు. అక్క కూడా విని ఉండదు. కొంగు సర్దుకుంది. తర్వాత మెల్లగా, "నువ్వు స్టీరింగు పడ్తే రేపు డిపోల నీ మొఖం ఎవ్వలు జూస్తరు? రేపు తెలంగాణ అచ్చినంక, మా ఆయన గీ సమ్మె ఇరగ్గొట్టిండని నేను కడుపుల పెట్టుకొని తిరగాల్నా? నాకద్దు" అంది.

బావ నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు, పిల్లా. నాలుగు వారాలు తప్పితే ఏమైతది?"

"తప్పకుంటేనే మంచిది బావా. తప్పితే ఏమైతదో మాత్రం ఎవ్వలు చెప్పలేరు."

"జూసినవా? ఎవ్వలు చెప్పలేరట" అంది అక్క, తనకు కావలసిన ముక్క పట్టుకుని. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. బావ బస్సు తీయలేదు.

తర్వాతి వారం రెండో సూది కూడా వేశారు. ఆ పై వారం నేను హైదరాబాద్ నుంచి మళ్ళీ బయలుదేరితే, రోడ్లన్నీ మూసి ఉండటంతో ఊరు దాటకముందే వెనక్కి రావలసి వచ్చింది. తర్వాత రైళ్ళు కూడా ఆగాయి. ఏజెన్సీ దగ్గర ఒక దశలో మందే లేకపోయింది. సమ్మె విరమించేసరికి అక్కకు చాలా వారాలు ఖాళీగా పోయాయి. మళ్ళీ మొదలుపెట్టి, మిగిలినవన్నీ ఒక్కటి తప్పకుండా వేయించుకుంది. అంతా అయ్యాక కొన్ని నెలలకు చేసిన పరీక్షలో వైరస్ మళ్ళీ కనబడింది.

డాక్టరు ఎవరినీ నిందించలేదు. "ఒక్కటీ తప్పకుండా వేసుకున్నవాళ్ళలో కూడా కొందరికి తిరగబెడుతుంది. దీన్ని సమ్మె మీద పెట్టకండి" అన్నాడు. ఆ మాటను అక్క ఎంత నమ్మిందో తెలియదు కానీ, నమ్మినట్టే బతికింది. మరోసారి అంత మందు తట్టుకునే బలం దానికి లేదని డాక్టరే ఆపేశాడు.

నా జెల్లు దారికి వచ్చింది ఆ తర్వాతే. పెప్టైడ్‌ను జెల్లులో ఊరికే కలపకుండా, జెల్లు పోగులకు వదులుగా అంటించే పద్ధతి ఒకటి కుదిరింది. మొదటి రోజు బయటికి వచ్చింది కొంచెమే. రెండో రోజు కొంచెం. వారం దాటింది, రెండు వారాలు దాటింది, ఇంకా వస్తూనే ఉంది. ప్రయోగశాలలో అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. అది సంతోషంతో వచ్చిందని వాళ్ళనుకున్నారు. అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"ఇగ మనుషులకు ఇస్తరా?" అంది.

"ముందుగాల ఎలుకలకు ఇస్తరక్కా. గవాటికి ఏం గాకుంటే ఇంకా పెద్ద జంతువులకు. గటెనుక మనుషులకు."

"గయితే ముందుగాల ఎలుకలకు మంచిగైతదన్నట్టు" అని నవ్వింది. ఎగతాళి కాదది. నిజంగానే నవ్వొచ్చింది దానికి. నాకు మాత్రం ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

తెలంగాణ వచ్చిన రోజు బావ డిపోలో బస్సులకు మామిడాకులు, బంతిపూలు కట్టారు. అక్క కొత్త చీర కట్టుకుని చూడటానికి పోయింది. అప్పటికే దాని కాళ్ళు వాచేవి. బస్సు మెట్లెక్కలేక కిందే నిలబడి చప్పట్లు కొట్టిందట. పిల్లలు ఫోటో తీసి పంపారు. అందులో అక్క పెద్దగా నవ్వుతోంది. బావ దాని వైపు చూస్తున్నాడు.

ఆ తర్వాత ఏడాదికో, ఏడాదిన్నరకో ఆ వైరస్‌కు మాత్రలు వచ్చాయి. సూది లేదు, ఐసు లేదు, చలిజ్వరం లేదు. పొద్దున ఒక మాత్ర మింగితే చాలు. కొన్ని నెలల్లో వైరస్ పోతుంది. నేను ఇన్నేళ్ళు తల పగలగొట్టుకున్న జెల్లు ఆ జబ్బుకు ఇక అక్కర్లేదు. ప్రపంచానికి అది మంచి వార్తే, నేనూ అట్లాగే అనుకున్నాను. మాత్రల సీసా అక్క చేతిలో పెట్టిన రోజు, దాన్ని అటూ ఇటూ ఊపి, "గింతేనా?" అంది.

మాత్రలు అయిపోయాక రిపోర్టులో వైరస్ లేదని వచ్చింది. తర్వాత చేసిన దాంట్లోనూ లేదు. బావ డిపోలో అందరికీ పేడాలు పంచాడు. జగిత్యాల డాక్టరు నన్ను లోపలికి పిలిచి స్కానింగ్ చూపించాడు. కాలేయం అప్పటికే గట్టిపడి, ఉండలు కట్టి ఉంది. "వైరస్ పోయింది. కాలేయానికి జరిగింది మాత్రం జరిగిపోయింది. కొంచెం ముందు ఈ మాత్రలు దొరికి ఉంటే బాగుండేది" అన్నాడు. ఆయన అట్లా అనడం అంతకుముందు నేనెన్నడూ వినలేదు.

అక్క ఇంకొన్నేళ్ళు బతికింది. కూతురి పెళ్ళి చూసింది. ఒక వానాకాలంలో కడుపులో నీరు చేరి, మళ్ళీ మళ్ళీ తీయించుకుంటూ, చివరికి జగిత్యాలలోనే పోయింది. జబ్బు వైరస్‌దని, ఆ వైరస్ తన ఒంట్లో ఇప్పుడు లేదని దానికి తెలుసు. "అది పోయింది గని, నన్ను గూడ తోల్కపోతుంది" అంది ఒకరోజు.

నేను ఇప్పుడు విద్యార్థులతో పని చేయిస్తున్నాను. ఆ జెల్లునే వేరే వైరస్‌ల కోసం మార్చి మార్చి చూస్తున్నాం. ఎలుకలను దాటింది. మనుషుల దాకా ఇంకా రాలేదు. ఎవరైనా వచ్చి, మా ఇంట్లో ఒకరికి జబ్బుంది, ఇది ఎప్పుడొస్తుందని అడిగితే, నాకు తెలిసినంత స్పష్టంగా, అక్కకు చెప్పినట్టే చెబుతాను. వాళ్ళూ అక్కలాగే తల ఊపుతారు.

బావ రిటైరైన ఏడాది కోరుట్ల పోయాను. మధ్యాహ్నం అన్నం తిన్నాక వరండాలో కూర్చుని ఉన్నాం. ఉన్నట్టుండి బావ, "ఒక మాట అడుగుత, పిల్లా. గా రోజు నేను బండి తీసుంటే, అది బతుకునా?" అన్నాడు.

నా నోటికి మొదట వచ్చింది, లేదు బావా, అయినా తిరగబెట్టేది అనే మాట. డాక్టరు చెప్పిన మాటే అది. ఆయన కళ్ళలోకి చూశాక అనలేకపోయాను.

"తెల్వది, బావా" అన్నాను.

"మంచిగ చెప్పినవ్. ఇప్పటిదాక అందరు లేదు లేదనే అన్నరు" అన్నాడు. తర్వాత లేచి, లోపలికి పోయి, ఇద్దరికీ చాయ్ పెట్టుకొచ్చాడు. అక్క ఉన్నన్ని రోజులు ఆయన పొయ్యి ముట్టించి ఎరగడు. చాయ్‌లో చక్కెర మరీ ఎక్కువైంది. ఇద్దరం ఏమీ అనకుండా తాగాం.